గట్టు మీది మాట: ఈ నెల ఉత్తరాలన్నీ దేవుడి గురించే

గత నెల ఒక పాఠకుడు "ప్రార్థిస్తే వరద తగ్గుతుందా?" అని అడిగారు. "భద్రాచలం దగ్గర తగ్గితే మన దగ్గర తగ్గుతుంది, ప్రార్థన వల్ల కాదు. అయినా గట్టు మీద నిలబడి దండం పెట్టే చేతులను నేను తప్పుపట్టను" అని జవాబు రాశాను. దాని మీద ఒక సంచి నిండా ఉత్తరాలు వచ్చాయి. కొందరు కోపగించారు, కొందరు మెచ్చుకున్నారు. ఎక్కువమంది అంతకంటే లోతైన ప్రశ్నలు వేశారు. ఈ శీర్షికను కొత్తగా చదివేవారికి ఒక మాట: నేను పండితుడిని కాను. ముప్పై నాలుగేళ్లు గోదావరి కాలువల మీద పనిచేశాను, మొదట గేట్లూ గట్లూ చూసుకునే లస్కరుగా, తర్వాత వర్క్ ఇన్‌స్పెక్టరుగా. లాకుల దగ్గర క్వార్టర్సులో రాత్రుళ్లు చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశాను. దేవుడి గురించి చెప్పమంటే నీళ్ల గురించే నాకు మాటలు వస్తాయి.

ప్రశ్న: సర్వశక్తిమంతుడైన దేవుడు తానే ఎత్తలేనంత బరువైన రాయిని సృష్టించగలడా? సృష్టిస్తే ఎత్తలేడు. సృష్టించలేకపోతే శక్తి చాలదు. దీని మీద హాస్టల్లో రాత్రంతా వాదించుకున్నాం. — డిగ్రీ విద్యార్థి, అమలాపురం

మన తార్కికులు లేని వస్తువులకు ఉదాహరణగా కుందేటికొమ్మునూ, వంధ్యాపుత్రుడినీ చెబుతారు. రెండూ లేనివే, కానీ లేకపోవడంలో తేడా ఉంది. కుందేలుకు కొమ్ము మొలవలేదు, అంతే. మొలిచి ఉంటే ఉండేది. బిడ్డలే పుట్టని ఆమెకు పుట్టిన కొడుకు అంటే మాత్రం అది వస్తువే కాదు, ఒకదాన్నొకటి కొట్టేసుకునే రెండు మాటలు. "అన్నిటినీ ఎత్తగలవాడు ఎత్తలేని రాయి" ఈ రెండో కోవలోది. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ ఇదే చెప్పాడు: అలాంటివాటిని దేవుడు చేయలేడు అనేకంటే, అవి జరగడానికే వీలులేనివి అనడం మేలు.

ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ఏ గేటునైనా ఎత్తవచ్చు, ఏ గేటునైనా దించవచ్చు. ఒకే గేటును ఒకే క్షణంలో ఎత్తి, దించి ఉంచమంటే కుదరదు. మోటారుకు బలం చాలక కాదు, అడిగినదానికి అర్థం లేక. మీ రాయి వల్ల దేవుడికి వచ్చిన ఇబ్బందేమీ లేదు. శక్తి అన్న మాట అసలు ఎక్కడ బరువెక్కుతుందో చూడాలంటే, కింద ఒక తల్లి రాసిన ఉత్తరం చదవండి.

ప్రశ్న: అన్నదమ్ముల పంపకాల్లో తమ్ముడికి రావలసిన ఇరవై సెంట్ల కొబ్బరితోట నా పేర రాయించుకున్నాను. దేవుడు సర్వజ్ఞుడైతే నేను ఇలా చేస్తానని ఆయనకు ముందే తెలుసు. ఆయనకు తెలిసింది తప్పడానికి వీల్లేదు. అలాంటప్పుడు తప్పు నాదెలా అవుతుంది? — పేరు వద్దన్నారు, పాలకొల్లు దగ్గర

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లు మన బ్యారేజీకి దిగడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఇక్కడ 10 లక్షల క్యూసెక్కులకు ఒకటో హెచ్చరిక, 13కి రెండు, 17కి మూడు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిందని కబురు వచ్చినప్పుడు నేను ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు మోయిస్తున్నాను. రాబోయేది మాకు ముందే తెలుసు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మాకు తెలియడం వల్ల వరద రాలేదు. రాబోతోంది కాబట్టి మాకు తెలిసింది.

ఈ ఉదాహరణ ఇంతటితో సరిపోదని నాకూ తెలుసు. మా లెక్క తప్పే అవకాశం ఉంది. దేవుడి లెక్క తప్పదంటారు కాబట్టి రేపు కూడా నిన్నలాగే గడ్డకట్టినట్టు కాదా అని మీరు అడగవచ్చు. 6వ శతాబ్దంలో ఇటలీలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ జైల్లో ఉన్న బొయీథియస్ అనే తత్త్వవేత్త దీని గురించే ఆలోచించాడు. దేవుడికి "ముందు" అన్నదే లేదని ఆయన జవాబు. కాలువలో పడవ మీద వెళ్లేవాడికి ఒక రేవు తర్వాత ఒక రేవు వస్తుంది. ఎత్తైన గట్టు మీద నిలబడినవాడికి ఎగువ రేవూ దిగువ రేవూ ఒకేసారి కనిపిస్తాయి. కనిపించినంత మాత్రాన చుక్కాని అతని చేతిలోకి రాదు. ఈ జవాబు నాకు చాలావరకు నచ్చింది. కాలం లేనివాడు కాలంలో ఉన్న మన మొర ఎలా వింటాడన్న చిక్కు మాత్రం మిగిలే ఉంది.

మీ సంగతి వేరు. మీరు అడుగుతున్నది దేవుడి జ్ఞానం గురించి కాదు. దస్తావేజు మీద సంతకం పెట్టిన చెయ్యి మీది. తమ్ముడు బతికే ఉన్నాడు, తోట అక్కడే ఉంది, రిజిస్ట్రేషన్ కచేరీ తెరిచే ఉంటుంది. వెళ్లి రాసి ఇచ్చేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. కార్తీక సోమవారం తెల్లవారుజామున స్నానానికి గోదావరిలో దిగి మళ్లీ పైకి రాలేదు. లంక నుంచి పడవవాళ్లు వచ్చి రెండు రోజులు వలలు వేసి వెతికారు, కూలి కూడా తీసుకోలేదు. మూడేళ్లయింది. గుడిలో అయ్యవారు పూర్వజన్మ కర్మ అన్నారు. మా చెల్లెలు చర్చికి వెళుతుంది, అక్కడి పాస్టరుగారు దేవుడు పెట్టిన పరీక్ష అన్నారు. దేవుడి కోసం నీళ్లలో దిగినవాడిని దేవుడు ఎందుకు కాపాడలేదు? ఆపలేడా, ఆపడా? — ఒక తల్లి, కోనసీమ

అమ్మా, మీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. మూడుసార్లు జవాబు రాసి చింపేశాను.

నాకు నిక్కచ్చిగా తెలిసిన విషయం ముందు చెబుతాను. వరదల్లో గోదావరి రేవుల దగ్గర ఇసుకను కోసుకుపోతుంది. మెట్లకు నాలుగు బారల అవతల, నిరుడు మోకాటి లోతున్న చోట, ఈ ఏడు నిలువు మునిగే గుంత పడుతుంది. కార్తీకానికి ఎర్రనీరు తేరుకుంటుంది. పైన అలలేకుండా అద్దంలా ఉంటుంది, లోపలి గుంత మాత్రం పూడదు. ఆ అంచున కాలు వేస్తే ఇసుక పాదం కింద నుంచి జారిపోతుంది, మళ్లీ నిలదొక్కుకోవడానికి పట్టు దొరకదు. అది మీ అబ్బాయి పాపం కాదు. మీ పాపమూ కాదు. ఆ రోజు "వెళ్లిరా నాన్నా" అన్నందుకు మిమ్మల్ని మీరు క్షమించుకోలేకపోతున్నారని మీ ఉత్తరం చివర రాశారు. ఇసుక కింద ఏముందో ముప్పై నాలుగేళ్లు నీళ్ల మీద బతికిన నాకే గట్టు మీద నుంచి కనిపించదు. మీకెలా కనిపిస్తుంది?

మీరు వేసిన ప్రశ్న చాలా పాతది. గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ పేరిట దాన్ని చెప్పుకుంటారు. 18వ శతాబ్దంలో స్కాట్లండుకు చెందిన డేవిడ్ హ్యూమ్ దాన్ని మళ్లీ ఎత్తి చూపాడు. ఆపాలని ఉన్నా ఆపలేకపోతే శక్తి లేనివాడు. ఆపగలిగీ ఆపకపోతే దయ లేనివాడు. రెండూ ఉంటే ఈ దుఃఖం ఎక్కడిది? వాళ్లు పుస్తకాల్లో అడిగినది మీరు రేవు మెట్ల మీద కూర్చుని అడిగారు.

అయ్యవారు చెప్పిన మాటకు వెనక పెద్ద ఆలోచన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక సూత్రం ఉంది: "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్". ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఇచ్చే దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటుకోవా అంటే, అంటుకోవు, ఆయన జీవుల కర్మను బట్టి ఇస్తాడు అని. శంకరాచార్యులు దీనికి వాన పోలిక చెప్పారు. వాన అన్ని విత్తనాల మీదా ఒకేలా పడుతుంది. వరి వరిగా, యవలు యవలుగా మొలిచేది విత్తనంలోని తేడా వల్ల. వరి పండించే మనకు ఇది వెంటనే అందుతుంది. ఒకే మడి, ఒకే నీళ్లు, వరీ మొలుస్తుంది, దాని పక్కనే ఊదా మొలుస్తుంది.

కానీ అమ్మా, నేను చూసింది వాన కాదు, కాలువ. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు చాలనప్పుడు వంతులవారీగా ఇస్తాం. కాలువ తల దగ్గర చేలు తడుస్తాయి, చివరనున్న శివారుకు నీళ్లు దిగేలోపు వంతు అయిపోతుంది. ఒక ఏడాది ఒక శివారు రైతు తడి గోనెపట్టాలో మండె కట్టిన విత్తనాలు తెచ్చి నా బల్ల మీద పోశాడు. గోనె వేడి ఇంకా తగ్గలేదు. ప్రతి గింజ కొసనా బియ్యపు నూకంత తెల్లని మొలక, దాని కింద దారపు పోగు లాంటి వేరు. వేళ్లన్నీ ఒకదానికొకటి అల్లుకుని ముద్దగా లేచాయి. పులిసిన పిండి లాంటి కమ్మని వాసన. "చూడండి బాబూ, నా విత్తనంలో ఏం లోపముంది? చల్లడానికి తడి మడి లేదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లోపం విత్తనంలో లేదు. నీళ్లు రాలేదు, అంతే. ఆ రోజు నుంచి, ఎండిన మడి ముందు నిలబడినవాడితో నీ విత్తనమే అలాంటిది అనే మాట నా నోట రాలేదు. ఈ జన్మలో కర్మ కనపడకపోతే వెనక జన్మ అంటారు, అక్కడా లేకపోతే దాని వెనకది, సృష్టికి మొదలే లేదు అంటారు. తర్కంలో అది నిలబడుతుంది. బిడ్డ పోయిన తల్లి ఎదుట నిలబడదు.

పాస్టరుగారి మాటకు జవాబు వాళ్ల బైబిల్లోనే, యోబు గ్రంథంలో ఉంది. యోబు బిడ్డలను పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నప్పుడు అతని స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా నేల మీద కూర్చున్నారు. ఆ తర్వాతే నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టారు. గ్రంథం చివర దేవుడికి కోపం వచ్చింది ఏడ్చిన యోబు మీద కాదు, కారణాలు చెప్పిన ఆ స్నేహితుల మీద.

ఇక నా మాట. ఆ సూత్రంలో "సాపేక్షత్వాత్" అన్న పదాన్ని ఒక్కసారి చూడండి. దేవుడు ఒకదాన్ని ఆధారం చేసుకుని పనిచేస్తాడని దాని అర్థం. ఆయన దేన్నీ లెక్కచేయని స్వతంత్రుడై ఇంత ఎగుడుదిగుడు సృష్టి చేసి ఉంటే ఆ రెండు దోషాలూ ఆయనకు అంటేవేనని శంకరులే ఒప్పుకున్నారు. అంటే అంతటి ఆచార్యుడు కూడా దేవుడి దయను నిలబెట్టడానికి శక్తికి ఒక హద్దు గీయక తప్పలేదు. పండితులు దీనికి వేరే వ్యాఖ్యానం చెప్పవచ్చు, నాకు మాత్రం అలాగే కనిపిస్తుంది. వాళ్లు ఆ హద్దును కర్మ దగ్గర గీశారు. నేను ఇసుక దగ్గర, గాలి దగ్గర గీస్తాను.

1996 నవంబరు 6 రాత్రి తుపానులో నేను లాకుల దగ్గర ఉన్నాను. తెల్లవారేసరికి కాలువలో నీళ్లే కనిపించలేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు పచ్చి బొండాలు, మట్టలు, ఇంటి కప్పుల తాటాకులు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ గాలిని ఆపగలిగీ ఊరికే చూస్తూ ఉన్నవాడికి నేను దండం పెట్టలేను. దయా, శక్తీ రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే నేను దయనే ఉంచుకుంటాను. శక్తి పోతే పోనీ.

శక్తి చాలని దేవుడు దేవుడెలా అవుతాడని నన్ను చాలామంది అడిగారు. అమ్మా, మీరు మీ అబ్బాయిని కాపాడలేకపోయారు. అందువల్ల మీరు అతని తల్లి కాకుండా పోయారా? ఆ తెల్లవారుజామున మీ దగ్గర లేనిది బలమే, ప్రేమ కాదు.

దేవుడు అప్పుడు ఎక్కడున్నాడో వేలు పెట్టి చూపించమంటే, నేను చూపగలిగింది మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ పడవవాళ్లను. పని మానుకుని, రెండు రోజులు చలి నీళ్లలో మీ బిడ్డ కోసం వలలు లాగి, డబ్బు ఇస్తే వద్దన్నవాళ్లు. ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. మీకు మళ్లీ రాయాలనిపిస్తే రాయండి, శీర్షిక కోసం కాకపోయినా సరే.

ప్రశ్న: ర్యాలి గుడిలో ఒకే శిలకు ముందు కేశవుడు, వెనక మోహిని. మా పక్కింటి ముస్లింలు దేవుడికి రూపమే లేదంటారు. అద్వైతులు గుణాలే లేవంటారు. ఏ గుణమూ లేనిదాన్ని "ఉంది" అనడంలో అర్థమేమిటి? — ఉపాధ్యాయిని, రావులపాలెం

మీరు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేశారు. రూపం వేరు, గుణం వేరు. మీ పక్కింటివారు రూపం లేదంటారు, కానీ అల్లాకు తొంభై తొమ్మిది నామాలు చెబుతారు. రోజూ మొదట పలికేవే రహ్మాన్, రహీమ్, అంటే కరుణ గుణాలు. గుణాలే లేవనేది వేరే వాదం. బృహదారణ్యక ఉపనిషత్తు "నేతి నేతి", అంటే "ఇది కాదు, ఇది కాదు" అన్నప్పుడు, దేన్ని చెప్పినా అది ఇంతే అనుకుంటారేమోనని ఆ మాటను వెనక్కి తీసుకుంటుంది. రామానుజాచార్యులు దీనికి ఒప్పుకోలేదు. నిర్గుణం అంటే చెడ్డ గుణాలు లేవని, కల్యాణ గుణాలకు అంతే లేదని ఆయన అర్థం చెప్పారు. మీ అభ్యంతరమే ఆయనదీ, గుణం లేని వస్తువు మనసుకు అందదని. ఈ విషయంలో నేను రామానుజుల వైపు. పై ఉత్తరానికి జవాబు రాశాక ఇంకో వైపు ఉండలేను కూడా.

కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాల గుర్తొస్తోంది. విగ్రహారాధన వద్దన్న బ్రహ్మసమాజానికి చెందిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆయన నమ్మిన దేవుడికి విగ్రహం లేదు, గుణాలు మాత్రం నిండుగా ఉన్నాయి. తర్వాతి కాలంలో అదే కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా గారు అసలు దేవుడే లేడని చెప్పి 1933లో ఆ ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఇద్దరూ అంటరానితనం మీద పోరాడారు. ఏ దేవుడిని నమ్మితే మనిషి ఎలా ఉంటాడన్న లెక్క మనం అనుకున్నంత తేలిక కాదు.

ర్యాలి వెళ్లినప్పుడు నేను కాసేపు స్వామి ముందు, కాసేపు వెనక నిలబడతాను. ముందు ఉన్నప్పుడు జడ కనిపించదు, వెనక ఉన్నప్పుడు శంఖచక్రాలు కనిపించవు. శిల ఒక్కటే, చూస్తున్నవాడిని నేనొక్కడినే.

ప్రశ్న: డొంకతిరుగుడు వద్దు. దేవుడు ఉన్నాడా, లేడా? — తణుకు

ఉన్నాడని నమ్ముతాను. నిరూపించలేను. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టు జగత్తు ఉంటే కర్త ఉంటాడని నైయాయికుడు, అంటే న్యాయదర్శన తార్కికుడైన ఉదయనుడు గట్టిగా వాదించాడు. కుమ్మరికి చేతులున్నాయి, మీ కర్తకు శరీరం ఏది అని, వేదకర్మలే ప్రధానమనే మీమాంసకులు అంతకు ముందే అడిగి ఉన్నారు. ఆ వాదాలు చదివి నేను నమ్మలేదు, మానలేదు. మొసలి నోట్లో కాలు పెట్టుకుని పోతన గారి గజేంద్రుడు "కలడో లేడో" అన్నాడు. అలా అంటూనే పిలిచాడు. నా నమ్మకం కూడా అలాంటిదే.

ప్రశ్న: దేవుడికి నిద్ర రాదని మా టీచరు చెప్పారు. మరి మా ఊరి వేణుగోపాలస్వామి గుడిలో రోజూ రాత్రి పవళింపు సేవ ఎందుకు చేస్తారు? — ఆరో తరగతి విద్యార్థిని, రాజోలు దగ్గర

అమ్మలూ, మీ టీచరు చెప్పింది నిజమే. నీకొకటి చెబుతాను, నేను కళ్లారా చూసింది. పెద్ద తుపాను వచ్చిన మరునాటి రాత్రి మా లాకుల పక్క గుడిలోకి వెళ్లాను. ధ్వజస్తంభం పడిపోయింది. పైకప్పు కారి స్వామి పాన్పు, దిండ్లు తడిసి ముద్దయ్యాయి. కరెంటు లేదు. అర్చకస్వామి ఇంటికి కూడా కప్పు మిగలలేదు, పిల్లలను బడిలో పడుకోబెట్టి వచ్చారు. ఆయన తడి దిండ్లు తీసి పక్కన పెట్టి, తన భుజం మీద ఉన్న ఒకే ఒక పొడి ఉత్తరీయాన్ని నాలుగు మడతలు వేసి ఉయ్యాలలో పరిచారు. నైవేద్యానికి బియ్యం లేదు. కాలువలో తేలుతున్న బొండాం ఒకటి కొట్టి పెట్టారు. తర్వాత చలికి వణుకుతూ, రోజూ పాడే జోలపాట మొదటి నుంచి చివరి వరకు పాడారు. నేను ఆయనను అడగలేదు, స్వామికి నిద్ర వస్తుందా అని. గుడి తలుపు మూసేటప్పుడు చప్పుడు కాకుండా నెమ్మదిగా మూశారు.